సీసాలో ఉప్పు పడిందా?

1943లో తిరుచానూరు దగ్గర యాత్రికుల కోసం వేసిన కలరా షెడ్డులో నేను కాంపౌండర్‌ని. సెలైన్ తయారుచేయడం నా పని. సెలైన్ అంటే మరేం లేదు, డిస్టిల్డ్ వాటర్‌లో తూచిన ఉప్పు వేసి, కాచి చల్లార్చిన నీళ్లు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయినవాళ్లకు దాన్ని నరంలోకి ఎక్కించేవాళ్లం. ఉప్పు లేని నీళ్లు ఎక్కిస్తే రక్తకణాలు పగిలిపోతాయి, మనిషి దక్కడు.

ఉప్పు చేతికిస్తే తగవులొస్తాయని మా వైపు ఎవరూ ఇవ్వరు. నేనూ అంతే. తూచిన పొట్లం బల్ల మీద పెట్టేవాణ్ణి, ఆయా మునెమ్మ తీసి సీసాలో వేసి కాచేది. ఆమెకు తీరిక లేకపోతే నేనే వేసేవాణ్ణి.

ఆ ఉదయం సత్యవేడు నుంచి అమ్మవారి దర్శనానికి వచ్చిన ఒక రైతు, భార్యను భుజాన మోసుకొచ్చాడు. ఆమె నాడి అందడం లేదు. డాక్టరు గారు సూది సిద్ధం చేసి సీసా అడిగారు. చల్లారిన సీసా తీయబోతుంటే బల్ల కింద, అప్పుడే ఫినాయిలుతో కడిగిన నేల మీద, విచ్చుకుని ఖాళీగా పడి ఉన్న ఉప్పు పొట్లం కాగితం కనిపించింది.

"ఇందులో ఉప్పు ఏసినావా మునెమ్మా?"

"బల్ల మీద పొట్లం లేదు సార్. మీరే ఏసినారనుకొని కాసినా."

నేను వేశానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సీసాలో పడినా, తడి నేల మీద పడినా ఉప్పు కరిగే ఉంటుంది. చూస్తే రెండు చోట్లా నీళ్లే. చెంచాలో పోసుకుని నాలుక మీద వేసుకున్నాను. భయానికి నోరు చేదెక్కిపోయి ఏ రుచీ తెలియలేదు.

"ఏం సామీ, అట్ట నిలబడిపోతిరి? ఆమె కండ్లు తేలేస్తా ఉండాది," అన్నాడు రైతు.

డాక్టరు గారికి ఉన్నమాట చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టేశారు. "ఇగిర్చి సూడప్పా," అన్నారు.

కరిగిన ఉప్పు కనబడదు కానీ ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరైతే తెల్లగా అడుగున మిగులుతుంది. చెంచాడు నీళ్లు స్పిరిట్ దీపం మీద పెట్టాను. కాడ కాలుతుంటే మునెమ్మ గుడ్డతో పట్టుకుంది. నీళ్లన్నీ ఇగిరిపోయాయి. చెంచా తోమినట్టు శుభ్రంగా ఉంది.

మళ్లీ ఉప్పు తూచి, కాచి, తడి గోనెలు చుట్టి చల్లార్చాం. ఆ అరగంటా రైతు తన భార్య పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. నేను అటు చూడలేకపోయాను.

ఆ సీసా ఎక్కించాక, సాయంత్రానికి ఆమె గంజి అడిగింది. రైతు నా కాళ్ల మీద పడబోయాడు. "మీరు మాకు దేవుడు సామీ," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నుంచి ప్రతి సీసాలోంచీ చెంచాడు ఇగిర్చి చూడందే ఇవ్వలేదు. నా భయం మాత్రం అంతకు ముందు ఇచ్చిన సీసాల గురించి. ఆ షెడ్డులో పోయినవాళ్లంతా కలరాతోనే పోయారని అప్పటిదాకా అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు గట్టిగా అనలేను.