మూడో లైనులో ఆగిన బండి

మా పక్కింటి చాచా భూపాలపల్లిలో, కూతురింట్లో కన్నుమూశారన్న కబురు నాకు జనగామలో అందింది. ఆ రోజు బంద్. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతమయ్యాక అలాంటి రోజులు మాకు కొత్త కావు. బస్సులు డిపో దాటలేదు. నేను చేరేసరికి ఖననం జరిగి రెండు రోజులైంది. ఆయనకు నేనిచ్చిన ఒక మాట అప్పటికీ నా దగ్గరే మిగిలి ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు ఆయన చేతుల గురించి చెప్పాలి.

చాచా రైల్వేలో క్యాబిన్‌మ్యాన్. డోర్నకల్ దారిలోని ఒక చిన్న స్టేషన్‌లో, బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే ఇనుప లివర్లను ఏళ్ల తరబడి లాగారు. చెమట తగిలితే ఇనుము తుప్పు పడుతుందని, లివర్ మీద గుడ్డ వేసి పట్టుకోవడం ఆ పనిలో ఆచారం. లివర్లు తీసేసి బొత్తాల బోర్డు పెట్టిన ఏడాదే ఆయన రిటైరై, మానుకోటలో మా పక్కింట్లో స్థిరపడ్డారు. అక్కడ కూడా గేటు గడియను భుజం మీది తువ్వాలుతోనే తీసేవారు.

"గేటుకు తుప్పు పడ్తదా చాచా?" అని అడిగితే, "గేటుకు గాదు బిడ్డా, నా అలవాటుకు పడ్తది" అన్నారు.

నేనప్పుడు మానుకోటలోనే ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. కాలేజీ మూతపడిన బంద్ రోజుల్లో ఇంట్లో కూర్చొని చిన్న చిన్న కంప్యూటర్ ఆటలు తయారుచేసేదాన్ని. బొమ్మలు గీయడం, ప్రోగ్రాం రాయడం, చప్పుళ్లు రికార్డు చేయడం, అన్నీ ఒక్కరే చేసుకునే ఆటలవి. పెద్ద కంపెనీల ఆటల్లోని హంగులు వాటిలో ఉండవు. తయారుచేసిన మనిషి దేన్ని శ్రద్ధగా చూశారో అది మాత్రం ఉంటుంది. నాకు వాటి మీద ఇష్టం కలగడానికి అదొక్కటే కారణం. చాచా చెబుతుండగా ఆయన స్టేషన్‌ను ఒక తెర మీద గీశాను: నాలుగు లైన్లు, తొమ్మిది లివర్లు. వాటిని లాగడానికి కీబోర్డు మీది తొమ్మిది అంకెలు. మొదటిరోజు ఆయన కుర్చీలో కూర్చొని, తువ్వాలు మడిచి అంకెల మీద పరిచి, ఆ తర్వాతే నొక్కారు.

తెర మూల కదులుతున్న లెక్క ఆయనకు నచ్చలేదు.

"గిదేంది?"

"మార్కులు చాచా. బండి జల్ది పోతే పెరుగుతయి, ఆగితే తగ్గుతయి."

"ఆగిన బండికి మార్కులెందుకు కోస్తున్నవ్? అదేం పాపం జేసింది?"

ఆ వారమే రైల్‌రోకో జరిగింది. ఆయన నన్ను స్టేషన్‌కు తీసుకువెళ్లారు. పట్టాల మీదే వంటలు వండుతున్నారు. ఆగిన ప్యాసింజరు నుంచి దిగిన ఒక ముసలామె ఉద్యమకారుల పంక్తిలోనే కూర్చొని, "బండన్న ఇడువుండ్రి, ఇంకింత పప్పన్న పొయ్యుండ్రి, ఏదో ఒకటి జెయ్యుండ్రి" అంటోంది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. చాచా నా వైపు తిరిగి, "ఎన్ని మార్కులు పోయినయి బిడ్డా?" అన్నారు. ఇంటికి వచ్చి మార్కులు తీసేశాను. ఆగిన బండిలోంచి మనుషులు దిగి, కుళాయి దగ్గర నీళ్లు తాగే దృశ్యాన్ని చేర్చాను. ఆ ఆట అందంగా కనిపించడం మొదలైంది అప్పుడే.

మా రెండో తగువు ఇంకా లోతైనది. బండి నిలిచి ఉన్న లైను మీదికి మరో బండిని పంపే వీలు లేకుండా ప్రోగ్రాం రాశాను. తప్పు లివర్ లాగినా అది కదలదు. అది నా నేర్పు అనుకున్నాను. చాచా కుర్చీ వెనక్కి జరిపారు.

"తప్పు జెయ్యనియ్యకపోతివి. మరి నేనెందుకు కూసున్నట్టు?"

అప్పుడు వలయం సంగతి చెప్పారు. లైను మీద బండి నిలిచి ఉంటే, క్యాబిన్‌లో ఆ లైను లివర్‌కు ఒక వలయం తొడుగుతారట. దాన్ని తీస్తే గాని లివర్ లాగలేరు. తన మతిమరుపుకు మనిషి తానే వేసుకునే తాళం అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆయన దాన్ని తొడగడం మరిచిపోయారు. వస్తున్న బండి డ్రైవరు దూరం నుంచే చూసి ఆపాడు. "ఎవ్వలకు ఏం గాలె. గని నాకైంది" అన్నారు. అప్పటినుంచి పొయ్యి మీద పాలు పెడితే, గ్యాస్ సిలిండర్‌కు కూడా ఒక రబ్బరు వలయం తగిలించేవారు.

"గా వలయం ఆటల పెడ్తవా బిడ్డా?"

"పెడ్త చాచా."

తప్పు చేసే వీలు కల్పించడానికి నాకు వారం పట్టింది. వలయం పని మిగిలింది. అంతలో నాకు జనగామలో ఉద్యోగం వచ్చింది. ఆయన భార్య, మా చాచీ, చనిపోయాక ఆయన భూపాలపల్లికి, కూతురి దగ్గరికి వెళుతుంటే, ఆట ఉన్న నా పాత కంప్యూటర్ ఇచ్చి పంపాను. "ఈ గనుల ఊర్ల బొగ్గున్నది గని రైలుబండి లేదు బిడ్డా. నీ డబ్బాల కూత ఇంటున్న" అని ఫోన్‌లో నవ్వేవారు. వలయం గురించి అడిగితే, పరీక్షలు అయిపోనీ అనేదాన్ని. "జర యాది పెట్టుకో" అనేవారు, అంతే. ఏనాడూ గట్టిగా అడగలేదు.

కబురు అందిన ఆ బంద్ నాడు, కదలలేక, రోజంతా కూర్చొని వలయాన్ని రాశాను. నేను రెండేళ్లు వాయిదా వేసినది ఒక్క రోజు పని.

భూపాలపల్లిలో ఆయన కూతురు, నేను ఆపా అని పిలిచే ఆమె, తలుపు తీసింది. "టైముకు రాలేకపోయిన ఆపా" అన్నాను. "ఏడ్వకు. ఆగిన బండిది తప్పేముంటది అనేటోడు గద మా అబ్బా" అని తండ్రిని తలుచుకుంటూ నన్ను ఆయన గదిలోకి తీసుకువెళ్లింది.

కీబోర్డు మీద, మూడో లైను లివర్‌ను లాగే మూడో అంకె చుట్టూ, నీళ్ల సీసా మూత కింద మిగిలే ఎర్ర ప్లాస్టిక్ వలయం ఉంది. నా కోసం ఎదురుచూడకుండా ఆయనే ఒకటి చేసుకున్నారు.

"దుమ్ము తుడుద్దామని తియ్యబోయిన," అంది ఆపా. "'తియ్యకు, బండి నిలవడ్డది' అన్నడు. మల్ల ఆ కుర్చీల కూసోలే."

కంప్యూటర్ వేశాను. ఆట ఆయన ఎక్కడ విడిచారో అక్కడే తెరుచుకుంది. మూడో లైనులో ప్యాసింజరు. దూరంగా సిగ్నల్ దగ్గర, దారి కోసం చూస్తున్న బొగ్గు గూడ్స్. అన్ని లివర్లూ ఉండవలసినట్టే ఉన్నాయి. నా పెన్ డ్రైవ్‌లోని, వలయం చేర్చి తెచ్చిన కొత్త ఆటను ఎక్కిస్తే అంతా మొదటినుంచి మొదలవుతుంది. మూడో లైను ఖాళీ అవుతుంది. పెన్ డ్రైవ్‌ను తిరిగి సంచిలో వేసుకున్నాను.

కుర్చీ మీది తువ్వాలును మడిచి కీబోర్డు పక్కన పెట్టాను. ఎర్ర వలయం అలాగే ఉంది. తెర మీద, ఆగిన బండి పక్కన, మనుషులు తొందర లేకుండా ఒకరి తర్వాత ఒకరు వంగి నీళ్లు తాగుతున్నారు.