సగం దిగిన సన్నాయి

ఇందులో ఒక్క ముక్క కల్పించానని తేలినా నా బీటెక్ పట్టా తిరిగిచ్చేస్తాను. తీసుకుని వాళ్లేం చేసుకుంటారన్నది వేరే సంగతి.

మా బావ శ్రీకూర్మం గుడిలో సన్నాయి వాయించేవాడు. మొన్న వానాకాలంలో పోయాడు. గుండె... ఎవరికీ ఏమీ చెప్పే వ్యవధి లేకపోయింది. అంతకుముందు శిష్యుడొకడు ఆయన వాయిస్తుండగా ఫోన్లో వీడియో తీసి, అక్కకు లింకు పంపాడు. బావ గొంతున్న వీడియో అదొక్కటే. అక్క దింపుకుంటుంటే సగంలో నెట్ పోయింది. మళ్లీ చూసేసరికి లింకు గడువు తీరింది. శిష్యుడి ఫోన్ చీపురుపల్లి స్టేషన్లో ఎవరో కొట్టేశారు. మిగిలింది తెరుచుకోని సగం ఫైలు.

“ఒక్కపాలి ఆయన గొంతు ఇనిపించరా, సాలు,” అంది అక్క.

ఆ రాత్రి వాళ్లింట్లో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. ఫైలు పేరు మార్చాను. వేరే ప్లేయర్లో పెట్టాను. ఊహూఁ. ఇక ఒకటే దారి. చెడిన వీడియోని బాగుచేసే సాఫ్ట్‌వేర్‌కి, అదే ఫోన్‌తో తీసిన మంచి వీడియో ఒకటి చూపించాలి. దాని అమరిక చూసి ఇది సర్దుకుంటుంది. శిష్యుడు ఇదివరకు పంపినదొకటి అక్క ఫోన్లో దొరికింది. దూడ గడ్డి తింటోంది. మనుషులెవరూ లేరు. దూడ కూడా పెద్దగా నటించలేదు.

తెరుచుకుంది...

బొమ్మ రాలేదు. తెరంతా బూడిదరంగు. సన్నాయి మాత్రం వినబడుతోంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సన్నాయి ఆగింది. సన్నాయి పీకని నాలుకతో తడుపుకుంటున్న చప్పుడు... ఊపిరి... తర్వాత బావ గొంతు. చాలా దగ్గరగా.

“ఏటే... పడుకున్నావేటి?”

“నేదు,” అంది అక్క. అలవాటులో.

ఫ్యాన్ తిరుగుతోంది. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

“అయితే ఇంకోటి ఇను.”

మళ్లీ సన్నాయి. ఈసారి నెమ్మదిగా... తెగింది. ఫైలు అంతవరకే.

అది పట్టపగలు, గుడిలో తీసిన వీడియో. ఆవేళ అక్క అక్కడ లేనే లేదు.

వెంటనే మళ్లీ పెట్టబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“వొద్దురా. ఈపాలి ఆయన పలక్కపోతే... నాను బతకనేన్రా.”

ఆవిడ పడుకున్నాక ఒక్కణ్ణే విన్నాను. సన్నాయి ఆగింది. పీక తడిపిన చప్పుడు. బావ గొంతే... “తాళం సూసుకోరా,” అన్నాడు శిష్యుడితో. మళ్లీ సన్నాయి. అంతే. ఇంకెన్నిసార్లు పెట్టినా అంతే.

రెండు వీడియోల శబ్దాలూ కలిసిపోయాయి అనుకుందామంటే, రెండోది దూడ. నేను భ్రమపడ్డాననుకుందామంటే, అక్క జవాబు కూడా చెప్పింది.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది.

“ఒరే, అది జాగర్తగా ఉన్నాది కదా?”

“ఉన్నాదక్కా,” అంటాను.

ఏది ఉందో మాత్రం... నాకు తెలియదు.