నడి నారాయణ

మా బళ్ళారి గాంధీనగర్ శ్రీమన్నారాయణగారు రోడ్డుకు సరిగ్గా నడిమధ్యన తప్ప మరెక్కడా నడవరు. అటు గానీ ఇటు గానీ జానెడు ఒరిగిన పాపాన పోలేదు. వీధంతా ఆయన్ని నడి నారాయణ అంటుంది. వెనకాలే అంటుంది, ఎందుకంటే ముందుకు వెళ్ళి అనాలంటే ఆయన దారి ఇవ్వాలి కదా.

ఈ జబ్బుకు మూలం కన్నడం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి సిరుగుప్ప కాలువ కింద వరి పండించుకునే రోజుల్లో, ఆయన మొదటిసారి బళ్ళారి వచ్చి రోడ్డు పక్కన నిలబడి ఊరు చూస్తున్నారట. పోలీసాయన "నడి, నడి" అన్నాడు. కన్నడంలో నడి అంటే నడువు, కదులు అని. ఈయన దాన్ని తెలుగులో విని, నడిమికి రమ్మంటున్నాడనుకుని రోడ్డు మధ్యకు వెళ్ళి నిలబడ్డారు. పోలీసాయన ఇంకా గట్టిగా "నడీ" అన్నాడు.

"ఇంతకన్నా నడి ఎక్కడుందండీ? కావాలంటే తాడు పెట్టి కొలుచుకోండి" అన్నారట ఈయన.

తర్వాత పొలం తమ్ముడికి అప్పగించి మా వీధికి కాపురం వచ్చారు. నడిని కూడా వెంట తెచ్చుకున్నారు.

మా వీధికి ఒక అంచున జాలి తుమ్మముళ్ళు, రెండో అంచున మూత లేని మురుగు మోరీ. గుచ్చుకోవాలో, పడిపోవాలో ఎవరి ఇష్టం వారిది. పిల్లలు మోరీ మీద అటూ ఇటూ గెంతుతూ బడికి పోయేవాళ్ళు. కుర్రకారు ముళ్ళు గుచ్చుకున్నా సరే, ఆడపిల్లలున్న కిటికీల వైపే నడిచేవాళ్ళు. నాబోటి గుమాస్తాలు జట్కాలకు తప్పుకుంటూ, చేతిగడియారం చూసుకుంటూ పరుగెత్తేవాళ్ళం. ఇక ముసలివాళ్ళు అరుగుల మీద కూర్చుని నడిచేవాళ్ళు, అంటే నడిచేవాళ్ళకు వంకలు పెట్టేవాళ్ళు.

జట్కా దేవప్పకు రోజూ పొద్దున్నే ఇదే పారాయణం.

"పక్కకి పోప్పా, బండి వస్తాండాది."

"సర్కారు వారి ఆజ్ఞ నాయనా. నడి అన్నారు."

"అది నడి కాదప్పా, నడి."

"నేనూ అదే అంటున్నాను."

దేవప్ప కన్నా వాడి గుర్రం నయం. ఆయన వీపు కనబడగానే తనంతట తానే నడక తగ్గించేది.

ఒకనాడు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాను. మా అవ్వ హనుమాయమ్మ మంచి చీర కట్టుకుని, ఆకువక్కల సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద దిగాలుగా కూర్చుని ఉంది. ఒకసారి జట్కా తగిలి మోరీలో పడినప్పటి నుంచి ఆవిడ గడప దాటదని నా నమ్మకం.

"యాడికవ్వా?"

"ఉచ్చంగెమ్మ ఇంటికి. వీధి కొసకు. మంచంలో పడి ఉండాది, నేను పోకుంటే దానికి మాట్లాడే దిక్కు లేదు."

"ఎప్పటినుంచి పోతున్నావు?"

"రోజూ పోతాండా. ఆఫీసులో కూర్చునేటోడివి, నీకేం తెలుసు? నారాయణప్ప ముందర, నేను ఆయప్ప ఎనక. బండ్లన్నీ మా ఎనక. ఈ పొద్దు ఆయప్పకు జొరమంట."

వెళ్ళి చూస్తే ఆయన నిండా దుప్పటి కప్పుకుని ఉన్నారు. పాపం, ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేనే చెప్పాను. "కన్నడంలో నడి అంటే నడువు అని అర్థమండీ."

"తెలుసండీ. ఈ వీధికి వచ్చిన వారంలోనే తెలిసింది."

"మరి?"

"సిగ్గేసి మానేద్దామనే అనుకున్నాను. ఈలోగా మీ అవ్వగారు మోరీలో పడ్డారు. ఆవిడ నడిలో నడిస్తే, చాదస్తపు ముసలమ్మ అని అదిలిస్తారు. నేను నడిస్తే, వీడికి కన్నడం రాదు పాపం అని ఆగుతారు." అని లేవబోయారు. "ఉండండి, చెప్పులేసుకుంటాను. ఆవిడ చూస్తుంటారు."

ఆయన్ని మళ్ళీ పడుకోబెట్టి, దుప్పటి కప్పి వచ్చాను.

అవ్వను అరుగు దింపి, రోడ్డు నడిమధ్యకు వెళ్ళి నడక మొదలుపెట్టాను. అవ్వ నా వెనకే వచ్చింది. కాసేపటికి ఆవిడ వెనక గుర్రం నడక తగ్గించింది.

"ఏందప్పా ఇది? పక్కకి పోప్పా" అన్నాడు దేవప్ప.

"నడి అన్నారు."

"బళ్ళారిలో పుట్టినోడివి. నీకూ కన్నడ రాదా?"

"రాదప్పా" అన్నాను.