సిరికొండ రాకాసి

మొన్న మా పాప ఆడుతున్న వీడియో గేమ్‌లో రాజకుమారిని రాక్షసుడు మళ్ళీ ఎత్తుకుపోయాడు. బోధన్‌లో మా చిన్నప్పుడూ ఆ ఆటలో అదే కథ. ప్రతిసారీ వాడే ఎత్తుకుపోయేవాడు, ఒకే వీరుడు వెళ్ళి తెచ్చేవాడు.

నాన్నను మేం బాపు అనేవాళ్ళం. ఆయనతో అమ్మకు గొడవైనప్పుడల్లా, నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ సిరికొండలో అమ్మమ్మ ఇంట్లో ఉండేది. బాపు వెళ్ళి తెచ్చేవాడు. నాకప్పుడు ఏడేళ్ళు. అమ్మమ్మే ఎత్తుకుపోతోందని గట్టిగా నమ్మాను. ఒకసారి బాపు వెంట వెళ్ళి, వాకిట్లో పసుపు కొమ్ములు ఎండబోస్తున్న అమ్మమ్మ చేతిని కొరికాను.

"అయ్యో, గిదేందే బిడ్డా?" అంది అమ్మమ్మ.

"మా అమ్మను ఇడిసిపెట్టు!"

అమ్మ నన్ను పక్కకు లాగింది. "నన్నెవ్వలు ఎత్కపోలేదు. నా కాళ్ళతోటి నేనే వచ్చిన. మీ బాపు తోల్కపోను వచ్చుడే గని, ఎందుకు వచ్చినవని ఒక్కనాడన్న అడిగిండా?"

బాపు చెప్పులు విప్పాడు. అరుగు మీద కూర్చుని, "చెప్పు, వింట" అన్నాడు.

అమ్మమ్మ నన్ను లోపలికి తీసుకుపోయి, నేను కొరికిన చేత్తోనే అన్నం కలిపి పెట్టింది. బయట వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం బాపూ నేనూ మాత్రమే తిరిగొచ్చాం. నాలుగు రోజుల తర్వాత అమ్మ తనంతట తనే బస్సు దిగి వచ్చింది.