తగ్గిందని చెప్పిన నోరు

మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు పనిచేశాను. పలకను చిన్న సుత్తితో తట్టి, మోతను బట్టి లోపల పగులుందో లేదో చెప్పడం నా పని. ఆ చెవులే నాకు అన్నం పెట్టాయి. కోత మిషన్ల పక్కన నిలబడి వాటినే పాడుచేసుకున్నాను. చెవుల్లో దూది పెట్టుకోవడమంటే మాకు నామోషీ. పెట్టుకున్నవాణ్ణి "ఏరా, జలుబు చేసిందా?" అని ఏడిపించినవాళ్లలో నేనే ముందుండేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటాక చెవుల్లో కీచుమని ఒకటే మోత మొదలైంది. పొద్దున లేచినా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే. సుత్తి చప్పుడు అందులో కలిసిపోయేది. ఒకసారి పగిలిన పలకను మంచిదని పంపేశాను. ఇంకోసారి ఇలా జరిగితే పని మానుకోమన్నారు. నాకు భయం పట్టుకుంది.

గుంటూరులో ఒక చెవి డాక్టరుగారు చెవుల చుట్టూ రబ్బరు బిళ్లలు అంటించి, సన్నగా కరెంటు పంపేవారు. కోత లేదు, సూది లేదు. చర్మం మీద చీమలు పాకినట్టుండేది, అంతే.

"ఇది అందరికీ పనిచెయ్యదండీ. మోత తగ్గిందో లేదో మీరు చెబితేనే కరెంటు పెంచాలో ఆపాలో నాకు తెలిసేది. ఉన్నదున్నట్టు చెప్పండి," అన్నారు మొదటిరోజే, నాకు వినపడేలా గొంతు పెంచి.

వారానికి రెండుసార్లు నా భార్యను తోడు తీసుకుని వెళ్లేవాణ్ణి. బిళ్లలు తీస్తూ ఆయన ఆశగా నా మొహంలోకి చూసేవారు. మాకు హస్తవాసి పట్టింపు ఎక్కువ. వైద్యం చేసే మనిషి మొహమ్మీదే తగ్గలేదనడమంటే ఆయన చెయ్యి మంచిది కాదన్నట్టే. "కాస్త నయమండీ," అన్నాను. తర్వాతి వారం "ఇంకాస్త నయమండీ." మోత మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. నా మొహమాటం మీద నాకే అసహ్యం వేసేది.

ఐదోవారం ఆయన రాసుకున్న కాగితాలన్నీ చూసి సంతోషించారు. "చాలా బాగా తగ్గింది. ఇక కరెంటు అక్కర్లేదు, మీరు రానవసరం లేదండీ," అన్నారు. దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

తిరుగు బస్సులో నా భార్య కళ్లు తుడుచుకుంది. చెవులు పాడైనప్పటినుంచీ నాతో అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. ఆ రోజు గొంతు పెంచలేదు. పెళ్లైన కొత్తల్లోలాగా మెల్లగా ఏదో అడిగి, నవ్వుతూ నా జవాబు కోసం చూసింది. పెదాలు కదలడం ఒక్కటే నాకు తెలిసింది.

సరేనన్నట్టు తల ఊపాను. ఏమడిగిందో నాకు ఈనాటికీ తెలియదు.