బొట్టు పెట్టి పిలిచిన పుస్తకం

మా చిన్నప్పుడు... బచ్చన్నపేటలో, మండుటెండలో, చేతిలో కుంకుమ బరిణె పట్టుకొని అమ్మ వెనకాల ఇల్లిల్లూ తిరిగాను. ఎవరి పెళ్లికో కాదు... మా బాపు, అదే మా నాన్న, పుస్తకానికి!

బాపు పత్తి చేను చూసుకుంటూనే కథలు రాసేవాడు. వాటిని జనగామలో అచ్చు వేయించాడు. ఆదివారం బడి వరండాలో విడుదల. ఎవరూ రాకపోతే ఎట్లా అని ఆయనకు ఒకటే గుబులు. కార్డులు పంచితే గూట్లో పడేస్తారు... అదే ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలిస్తే ఇంటిల్లిపాదీ కదిలి వస్తారని ఆయన ఎత్తు.

"బొట్టు పెట్టి పిలిచినంక బువ్వ పెట్టాలె గద!" అంది అమ్మ.

"ఇదేమన్న లగ్గమా ఏంది? చాయ్, బిస్కెట్లు చాలు తియ్" అన్నాడు బాపు.

ఇంట్లో బాపు మాటకు తిరుగులేదు.

ప్రతి గడపలోనూ అదే ప్రశ్న... "ఎవరి లగ్గం అక్కా?" అమ్మ తల వంచుకొని "లగ్గం కాదు, మా ఆయన కథలు రాసిండు" అనేది. కొందరు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నా క్లాసు సరితవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడైతే నేను లోపలికే వెళ్లలేదు. అయినా బొట్టు మాత్రం అందరూ పెట్టించుకున్నారు. బొట్టును ఎవరు కాదంటారు?

ఆదివారం ఊరంతా వచ్చింది! కొత్త చీరలు కట్టుకొని, పిల్లల్ని చంకన ఎత్తుకొని, ఇళ్లలో పొయ్యి వెలిగించకుండా వచ్చారు. కొందరు సదివింపులకని స్టీలు గిన్నెలు, జాకెట్టు ముక్కలు కూడా తెచ్చారు. బాపు ముఖం వెలిగిపోయింది. మైకులో ఒక కథ చదివాడు, ఇంకొకటి చదివాడు... జనాన్ని చూసి మురిసిపోయి మూడోది కూడా అందుకున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. వంట పొయ్యి ఎక్కడుందా అని ఒక్కొక్కరే బడి వెనక్కి వెళ్లి తొంగిచూడసాగారు. అంతలో చాయ్ గిలాసలు వచ్చాయి... వాటితో రెండేసి బిస్కెట్లు.

మా వాడలో పెద్దావిడ మల్లవ్వ లేచి నిలబడింది. "బొట్టు పెట్టి పిలిచి చాయ్ పోస్తరా? పోరగాళ్లు పొద్దుగాల్నుంచి ఉపాసమున్నరు. గింత ఇజ్జత్ తక్కువ పని ఎట్ల చేసిన్రు?"

అమ్మ వరండా స్తంభం పట్టుకొని ఏడ్చింది. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెచ్చిన గిన్నెలు తెచ్చినవాళ్లే పట్టుకుపోయారు. పోతున్నవాళ్ల చేతుల్లో బాపు పుస్తకం పెట్టబోతే, చాలామంది చేతులు వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత చాన్నాళ్లు బడిలో నా పేరు 'చాయ్ బొట్టు'. బాపు రాయడం మానలేదు గానీ, పోయేదాకా మళ్లీ ఎవరినీ రమ్మని పిలవలేదు. ఒక్క పుస్తకం కూడా మళ్లీ అచ్చు వేయించలేదు.

ఇప్పుడు నేను తెలిసిన రచయితల సభలకు జనాన్ని పిలిచిపెడుతుంటాను. గడపలు ఎక్కే పని లేదు... ఫోన్‌లో ఒక్క నొక్కుతో వందలమందికి పిలుపు వెళ్తుంది. దండాలు, చప్పట్లు, పూలగుత్తుల బొమ్మలు వస్తాయి. మనుషులే రారు. మొన్న ఒక కొత్త రచయిత్రి ఖాళీ కుర్చీలకు తన కథ చదువుతుంటే, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. పిలిచింది నేనే కదా! ఆమె ఇష్టపడి చేయించిన భోజనాలన్నీ అట్లాగే మిగిలిపోయాయి.

బాపు ఉంటే ఒక్క మాట చెప్పేదాన్ని... ఊరు మనల్ని తిట్టింది నిజమే. కానీ వచ్చి తిట్టింది కదా బాపూ...

మీ ఇళ్లలోనూ ఇట్లా పిలిచి నవ్వులపాలైన సంగతులుంటే కింద రాయండి... నా సిగ్గుకు కాస్త తోడు దొరుకుతుంది.