అంత మంచిదైతే నువ్వే ఉంచుకోరాదు?

మా తాత బీరన్న చేతిలో ఎవరైనా ఒక పుస్తకం పెట్టి ‘చాలా బాగుంటది, చదువు’ అన్నారనుకోండి, ఆయన పుస్తకం వైపు చూడడు. ఇచ్చినవాడి మొహం వైపు చూస్తాడు. కిందినుంచి మీదికి ఒకసారి, మీదినుంచి కిందికి ఒకసారి చూసి, ఒకే మాట అడుగుతాడు.

“అంత మంచిదైతే నువ్వే ఉంచుకోరాదు? నాకెందుకిస్తున్నవ్?”

ఇది ఆయనకు గొర్ల అంగడిలో అంటిన గుణం. మునగాల దగ్గర మందతోనే ఆయన వయసంతా గడిచింది. మంచి జీవాన్ని ఎవడూ అమ్మడని, అమ్ముతున్నాడంటే దాని కడుపులో ఏదో రోగముందని ఆయన నమ్మకం. మోకాళ్లు మొరాయించాక మంద అమ్మేసి సూర్యాపేటకొచ్చాడు. ఎప్పుడో చదివి మూటగట్టి పెట్టిన నాలుగో తరగతిని విప్పుకుని గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టాడు. గొర్రెలు పోయాయి గానీ అనుమానం మాత్రం ఆయన వెంటే పట్నం వచ్చింది.

ఆ అనుమానానికి మొదట దొరికింది మా నాయనమ్మ రేణుకమ్మ. పెళ్లిచూపుల్లో ఆమె తండ్రి “మా పిల్ల పనిమంతురాలు, నెమ్మదస్తురాలు” అని చెప్పుకుపోతుంటే, పెళ్లికొడుకు గొంతు సవరించుకుని “అంత మంచి పిల్లైతే మీ ఇంట్లనే ఉంచుకోరాదు?” అన్నాడట. నాయనమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. “మా నాయిన జర ఆలోచన చేసి ఉంచుకున్నా బాగుండు. ఈ పరేషాన్ తప్పేది.”

తాత పుస్తకం ఎంచుకునే తీరు చూడాలంటే గ్రంథాలయంలో టికెట్ పెట్టొచ్చు. ముందు అట్ట ఎత్తి చూస్తాడు, గొర్రె నోరు తెరిచి పండ్లు చూసినట్టు. తర్వాత వెన్ను మీద బొటనవేలు పెట్టి నొక్కుతాడు. వాసన చూస్తాడు. ఆఖరికి నడుమ ఎక్కడో ఒక పేజీ తీసి, గ్రంథపాలకుడు వెంకటనర్సయ్య ముందు పెట్టి “గీడ సదువు” అంటాడు.

“మొదటి పేజీ నుంచి చదువుకోరాదు బీరన్నా!”

“మొదటి పేజీ ఎవడైనా మంచిగనే రాస్తడు సారూ. అంగడికి తెచ్చేటోడు గొర్రెను కడగకుంట తెస్తడా? నడిమిట్ల సూడాలె.”

పుస్తకం వెనక అట్ట మీద పొగడ్తలుంటాయి కదా, వాటిని చూస్తే తాతకు నిద్ర పట్టదు. ఒకసారి ఒక నవల వెనక మిర్యాలగూడ లెక్చరర్ ఒకాయన ‘ఏకబిగిన చదివించింది’ అని రాశాడు. తాత పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చి చెప్పులు విడుస్తూనే తీర్పు చెప్పాడు.

“సదువలే.”

“ఎట్ల చెప్తవ్?” అంది నాయనమ్మ.

“నడిమిట్ల పెండ్లి ఎవరితోటి అయితది సారూ అని అడిగిన. చాయ తాగుతవా అన్నడు.”

“మర్యాద గల మనిషి. చాయ పోసిండు.”

“సదివినోడైతే చాయ ఎందుకు పోస్తడే? జవాబు చెప్తడు గని.”

ఇలాంటి మనిషిని 2012లో రాణి మేడం తన పుస్తకాల గుంపులో చేర్చుకుంది. ఆమె జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తుంది. నెలకో ఆదివారం గ్రంథాలయం వెనక గదిలో పదిమందీ కూర్చుని, వచ్చే నెల ఏం చదవాలో తేల్చుకోవడం, చదివినదాని గురించి మాట్లాడుకోవడం వాళ్ల పని. తేల్చే బాధ్యత మాత్రం కోదాడ నుంచి వచ్చే ప్రశాంత్‌ది. అతనికి అక్కడ నెట్ సెంటర్ ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి, నెట్టు కోసం దాని పక్కన పుల్లలాంటి డాంగిల్ ఒకటి గుచ్చి, పుస్తకాలకు జనం వేసిన స్టార్లు చూపించేవాడు.

“చూడండి తాతా, ఐదుకి ఐదు. అందరూ బ్రహ్మాండం అని రాశారు.”

“ఎవరు ఆ అందరు? ఏ ఊరోళ్లు?”

“తెలీదు తాతా. నెట్‌లో ఎవరైనా వేయొచ్చు.”

“ఎవడైనా ఏయొచ్చంటే రాసినోడు ఏసుకోవచ్చు. వాని బామ్మర్ది ఏయొచ్చు.”

“అందరూ బామ్మర్దులేనా తాతా?”

“అంగడిల ఒక్క గొర్రెను నలుగురు ఒక్కతీరుగ మెచ్చుకున్నరనుకో, ఆ నలుగురు దళారోళ్లే. నిజంగ కొనేటోడు ఏదో ఒక వంక పెడతడు.”

గుంపు నవ్వింది. నవ్వి, ఐదు స్టార్ల పుస్తకమే తెప్పించుకుంది. నెల తిరిగాక అందరూ ‘బాగుంది, బాగుంది’ అన్నారు. ఏం బాగుందో ఎవరూ చెప్పలేదు. తాత లేచి, భుజం మీది తువ్వాల తీశాడు.

“నోటితోటి చెప్పకుర్రి. అంగడిల బేరం నోటితోటి చెయ్యం. తువ్వాల కింద చెయ్యి పెట్టుర్రి, ఎన్ని వేళ్లిస్తరో ఇయ్యుర్రి. పక్కోనికి కనపడది.”

ఐదు స్టార్లకు ఐదు వేళ్లు లెక్క కుదిరింది. మగవాళ్ల వేళ్లు తాత పట్టుకున్నాడు, ఆడవాళ్లవి రాణి. తువ్వాల కింద తేలింది వేరు. ఒకరు ఒక వేలు, ఇంకొకరు రెండు, కొందరు ఉత్త పిడికిలి. ఎవరివెన్నో తాత చెప్పలేదు, ప్రాణం పోయినా చెప్పడు. “మొత్తం మీద ఈ గొర్రెకు కుంటు ఉన్నది” అని మాత్రం అన్నాడు. అప్పుడు ప్రశాంతే నవ్వేసి “నావి రెండే తాతా, నిద్రపట్టేసింది” అని ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి గుంపులో అందరికీ అనుమానం అంటుకుంది. పొగిడినవాణ్ని పక్కవాడు ‘మీ చుట్టమా?’ అని అడగడం రివాజైంది.

ఈ నవ్వులన్నిటి మధ్యా రాణికి ఒకటే బెంగ. తలుపు పక్క కుర్చీలో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చునే తన అత్త సుందరమ్మ. చిలుకూరు బళ్లో తరతరాల పిల్లలకు పాఠం చెప్పిన టీచర్. పిల్లల ముందు గొంతు ఖంగుమనేదట గానీ పెద్దవాళ్ల ముందు ఎప్పుడూ లేచేది కాదట. మామ మట్టయ్య పోయాక ఆ ఉన్న గొంతూ ఇంట్లో ‘ఊ’, ‘ఉహూ’ల దగ్గర ఆగిపోయింది. గడప దాటి ఆమె వచ్చేది ఈ ఒక్క గదికే. ఇక్కడైనా నోరు తెరుస్తుందేమోనని రాణి ఆశ.

ఒక ఆదివారం నిజంగానే తెరిచింది. సంచిలోంచి అట్ట ఊడి, పేపరు చుట్టిన సన్నటి పుస్తకం తీసి “ఇది... దుర్గమ్మ తగువులు. మంచిగుంటది” అంది. పక్కవాళ్లకే సరిగా వినపడలేదు.

ప్రశాంత్ వెతికాడు. “నెట్‌లో లేదండీ. ఒక్క స్టార్ కూడా లేదు. అసలు పేరే రావట్లేదు.”

“మంచిదేలే టీచర్, వచ్చే నెల చూద్దాం” అన్నారు మిగతావాళ్లు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద చూసి సుందరమ్మ పుస్తకాన్ని సంచిలో పెట్టేసుకుంది. తర్వాతి నెలా అదే మర్యాద. ఆ రోజు మెట్లు దిగుతూ ఆమె కోడలితో అంది.

“ఇగ నేను రానులే బిడ్డా. నువ్వు పోయిరా. ఇంటికాడ పనుంటది.”

ఇంటి దగ్గర ఏ పనీ లేదని రాణికి తెలుసు. “ఇంకొక్క నెల రాండి అత్తమ్మా, నా కోసం” అని బతిమాలింది. అప్పుడే వెనకనుంచి తాత గొంతు. చెప్పులు ఎవరైనా మార్చేశారేమోనని అన్ని జతలూ తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“రాణమ్మా, టీచరమ్మ పుస్తకం పేరేంది?”

“దుర్గమ్మ తగువులు. ఎందుకు తాతా?”

“ఏం లేదు. అనుమానం.”

ఆ మరుసటి నెల సుందరమ్మ వచ్చింది, కోడలి కోసం. సంచి మీద రెండు చేతులూ బిగించి కూర్చుంది. ఇంకా ఎవరూ నోరు తెరవకముందే తాత లేచి, నేరుగా ఆమె ముందుకెళ్లి నిలబడ్డాడు.

“ఏం టీచరమ్మా, పుస్తకం మల్ల తెచ్చినవా? అంత మంచిదైతే నువ్వే ఉంచుకోరాదు? మాకెందుకు అంటగడుతున్నవ్?”

రాణి గబుక్కున లేచింది. “తాతా, ఊకో!” అంది. తాత ఊకోలేదు.

“రాసినామె నీకు చుట్టమా?”

“కాదు” అంది సుందరమ్మ.

“మరి నీకేం లాభం? సుట్టూ తిప్పకు, ముచ్చట చెప్పు.”

“దుర్గమ్మ అని మంత్రసాని. ఊరందరితోటి తగువు పెట్టుకుంటది...”

“ఆగు. ఊరందరితోటి తగువున్నామె పురుడు పొయ్యనీకి ఎవరింటికి పోతది? అబద్ధం!”

“ఎందుకు పోదు?” సుందరమ్మ గొంతు లేచింది. “నొప్పులొచ్చినయని తెలిస్తే చాలు, పిలువకున్నా పోతది. గడపల నిలబడి మొదలు ఆ పిల్ల అత్తను తిడతది. పొలం గట్టు జరిపినందుకు పిల్ల మొగుణ్ని తిడతది. తిట్టుకుంటనే నీళ్లు కాగబెడతది!”

“తిడుతుంటే ఇంటోళ్లు ఊకుంటరా?”

“ఊకుంటరా! వాళ్లు కూడ తిడతరు. లోపల నొప్పులు పడే పిల్ల సుత తిడతది!” అంటూ సుందరమ్మ లేచి నిలబడింది. సంచి ఒళ్లోంచి జారి కింద పడ్డా చూసుకోలేదు. దుర్గమ్మ లాగా నడుం మీద చెయ్యి పెట్టింది, అత్త లాగా మూతి తిప్పింది, మొగుడి లాగా నీళ్లు నమిలింది. గది గదంతా పడి పడి నవ్వింది. ముందు గదిలో పేపర్లు చదువుకునేవాళ్లు లేచొచ్చి కిటికీ దగ్గర మూగారు.

తాత ఒక్కడే నవ్వలేదు. “గివన్ని మంచిగనే చెప్తున్నవ్. మరి మేనకోడలి సంగతి ఎందుకు దాస్తున్నవ్?”

సుందరమ్మ ఠక్కున ఆగింది. తాత మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కళ్లు చిన్నవి చేసి మరీ చూసింది. తర్వాత “దాస్తలేను. అది చెప్తే ఇగ మీరు చదువరు” అంది, బళ్లో చివరి బెంచీకి కూడా వినపడే గొంతుతో.

తువ్వాల పరిచారు. ప్రశాంత్ చెయ్యి లోపల పెట్టి “తాతా, రెండో చెయ్యి కూడా పెట్టొచ్చా?” అన్నాడు. ఆ నెలకు దుర్గమ్మే ఖాయమైంది. ఉన్నది ఒక్క కాపీ, పైగా అచ్చులో దొరకదు. “అయితే టీచరమ్మనే సదివి ఇనిపియ్యాలె, దారేముంది” అన్నాడు తాత. సుందరమ్మ ప్రతి ఆదివారం చదివి వినిపించేటట్టు తేలింది.

రాణికి మాత్రం ఒకటి అంతుబట్టలేదు. అత్తమ్మ మేనకోడలి మాటే ఎత్తలేదు కదా! మరునాడు కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది.

“తాతా, ఆ మేనకోడలున్నట్టు నీకెట్ల తెలుసు?”

“అనుమానమొచ్చింది” అన్నాడు తాత, చూరు వైపు చూస్తూ.

“ఏం అనుమానం!” వంటింట్లోంచి నాయనమ్మ వచ్చింది. “మిర్యాలగూడల పాత పుస్తకాలోని కాడికి ఎన్నిసార్లు తిరిగిండో ఆ దేవునికే ఎరుక. దొరకబట్టుకొచ్చి, ఈ మంచంల కూసొని, ఒక్కడే నవ్వుడు. నాకు భయమైంది, దవాఖానకు తీస్కపోదామనుకున్న.”

దిండు కింద రెండో దుర్గమ్మ ఉంది. రాణి దాన్ని చేతిలోకి తీసుకుని “ఇంకో కాపీ ఉన్నట్టు చెప్పనే లేదు! అందరం తలాకొన్ని రోజులు చదువుకునేటోళ్లం గదా తాతా” అంది.

“సదువుకుంటరు. ఎవరింట్ల వాళ్లు సదువుకుంటరు. టీచరమ్మ మల్ల తలుపు పక్కకు పోయి కూసుంటది.” తాత పుస్తకం తీసుకుని మళ్లీ దిండు కిందికి తోసేశాడు. “మీరందరు మంచిదే, మంచిదే అనుకుంట ఆమె నోరు మూసిర్రు. నమ్మకుంటెనే గద, ఎదుటోళ్లు నోరు తెరిచి చెప్తరు.”

పుస్తకం పూర్తయిన ఆదివారం ప్రశాంత్ నెట్‌లో దుర్గమ్మ పేరు ఎక్కించాడు. సుందరమ్మ చెప్తుంటే నాలుగు ముక్కలు టైపు చేసి, “ఇక స్టార్లు. ఐదు కొట్టేస్తున్నా” అన్నాడు.

“నాలుగే ఏయి” అన్నాడు తాత.

“నాలుగా?” సుందరమ్మ కుర్చీలోంచి లేచింది. “ఏం తక్కువైంది బీరన్నా నా దుర్గమ్మకు?”

“తక్కువేం కాలే టీచరమ్మా. ఉన్నదే మనదొక్క మాట. ఐదేస్తే దళారోళ్లం అనుకుంటరు. నాలుగేస్తే, వీళ్లెవరో నిజంగ సదివినోళ్లే అని కొంటరు.”

“నీ అసొంటి అనుమానపు మనుషులకు భయపడి ఒక స్టారు మింగాల్నా? ఏ పేజీల తగ్గించాలె చెప్పు. పేజీ తీసి చూపియ్యి!”

“నూరో పేజీల ఆ పెండ్లి జర సాగింది గద...”

“సాగిందా! ఎక్కడ సాగింది? ఇటు దా, కూసో. సదువుత, ఇను!”

వెంకటనర్సయ్య తాళం కప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ప్రశాంత్ కోదాడ బస్సు వెళ్లిపోయింది. లోపల సుందరమ్మ గొంతు వీధి దాకా ఖంగుమంటోంది. రాణి చెప్పులేసుకుని, మెట్ల మీద కొంగు దులుపుకుని కూర్చుంది. ఆమెకేం తొందర లేదు.